వాఘోరా వాగు దగ్గర నేనాడిన అబద్ధం

  

అజంతా యాత్ర గురించి చెప్తానని పోయిన పున్నమికి మాటిచ్చాను. గుహల గురించి, బొమ్మల గురించి, అక్కడి జలపాతం గురించి చెప్తానని మీరు అనుకుంటున్నారు. చెప్తాను. కానీ వాటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండా ఎన్ని గుహల సంగతులు చెప్పినా, అది ధమ్మ ప్రవచనం కాదు, టూరిస్టు ఆఫీసు కాగితం అవుతుంది.

ఆ రోజు పొద్దున త్రిశరణాలు, పంచశీలాలు చెప్పిన ఈ నోటితోనే మధ్యాహ్నం ఒక అబద్ధం ఆడాను. పెద్ద అబద్ధం కాదు, రెండే మాటలు. "దాహం లేదు" అన్నాను. ఆ రెండు మాటల వెనక నా కులం దాక్కుని ఉంది. దాన్ని నేను నాగపూర్‌లో వదిలేసి వచ్చాననుకున్నాను. అది నాతో పాటే బస్సెక్కి వచ్చింది.

సంగతి మొదటి నుంచీ చెప్తాను, వినండి.

దారి

అక్టోబర్ 14న నాగపూర్ దీక్షాభూమి చూసుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారేసరికి ఫర్దాపూర్ చేరాం. మా బస్సులో రెండు వాడల వాళ్ళం ఉన్నాం. సగం మంది మాలవాడ, సగం మంది మాదిగవాడ. రెండు వాడలూ ఒకే రోజు, ఒకే పందిట్లో దీక్ష తీసుకున్నాయి. ఒకే గొంతుతో 22 ప్రతిజ్ఞలు చెప్పాయి. అయినా బస్సులో ఎవరి వరుసలో వాళ్ళు కూర్చున్నాం. అది నాకు కనబడింది. "ఇంటి పక్కవాళ్ళు కదా, ఒకచోట కూర్చున్నారు" అని సర్దిచెప్పుకున్నాను. కులం ఉన్నచోట మొదట మనం చేసే పని సర్దిచెప్పుకోవడమే.

అజంతాకి పోవాలనుకునే వాళ్ళకి ఒక మాట. సోమవారం పోకండి, గుహలు మూసి ఉంటాయి. మీ బండిని ఫర్దాపూర్ కూడలి దగ్గరే ఆపుతారు. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు వాళ్ళ బస్సులోనే పోవాలి. నీళ్ళు దండిగా తీసుకుపోండి. ఈ నీళ్ళ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ చోటు ఎట్లా ఉంటుందంటే, గుర్రపు లాడాన్ని నేల మీద పెట్టినట్టు కొండ వంపు తిరిగి ఉంటుంది. సుమారు 76 మీటర్ల ఎత్తున నిలువునా నల్లరాతి గోడ. దాని కింద వాఘోరా వాగు. ఆ రాయి ఎప్పుడో ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి నుంచి పొంగిన లావా, పొర మీద పొరగా గట్టిపడింది. ఆ పొరల్ని కోసి ఇంత లోయ చేసింది ఈ వాగే. లోయ మొదట్లో వాగు ఏడు మెట్లుగా దూకుతుంది. ఒక్కో మెట్టు కింద ఒక్కో మడుగు. అందుకే దాన్ని సాత్‌కుండ్ అంటారు. వానాకాలంలో ఆ హోరు గుహల్లోకి వినబడుతుంది. మేం పోయింది వానలు వెనకబట్టాక. అప్పటికి ధార సన్నబడింది. అయినా చెట్ల పచ్చదనం తగ్గలేదు, బండల మధ్య నీళ్ళు గలగలమంటూనే ఉన్నాయి.

ఆ రాతి గోడలో 30 గుహలు తొలిచారు. అన్నిటికంటే పాతవాటిలో ఒకటి పదో గుహ, క్రీస్తుకు పూర్వపుది. ఎక్కువ గుహలు మాత్రం క్రీస్తు శకం ఐదో శతాబ్దంలో, వాకాటక రాజు హరిషేణుడి కాలంలో తొలిచినవి. వానాకాలంలో భిక్షువులు ఊళ్ళు తిరగకూడదు, ఒకచోట ఉండాలి. ఆ వర్షావాసానికి ఇలాంటి చోట్లు కావాలి. అప్పట్లో గుహల నుంచి వాగు దాకా మెట్లు ఉండేవి. భిక్షువు పొద్దున్నే దిగి, పాత్ర కడుక్కుని, నీళ్ళు తెచ్చుకునేవాడు. రేవు దగ్గర నీ కులమేదని అడిగే పని లేదు. సంఘంలో చేరినవాడికి పాత పేరే ఉండదు కదా! గంగ, యమున, అచిరవతి, సరభు, మహి. ఇన్ని నదులూ సముద్రంలో కలిశాక తమ పేర్లు వదులుకున్నట్టే, నాలుగు వర్ణాల వాళ్ళూ సంఘంలో చేరాక తమ పేర్లు వదులుకుంటారని తథాగతుడు చెప్పాడు.

ఆ మాట నేను పదుల సార్లు చెప్పాను. ఆ రోజు పొద్దున 26వ గుహలో కూడా చెప్పాను. అక్కడ తథాగతుడి మహాపరినిర్వాణ శిల్పం ఉంది. సుమారు ఏడు మీటర్ల పొడవు. కుడి చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉంటాడు. కింద శిష్యులు ఏడుస్తుంటారు. మా వాళ్ళు ఆ పాదాల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. గొంతు తగ్గించుకుని అందరం పంచశీలాలు చెప్పుకున్నాం. నాలుగో శీలం ఏమిటి? అబద్ధమాడను. చెప్పాను. గంట కూడా నిలవలేదు.

నీళ్ళు

గుహల వరుస అయిపోయాక దారి కిందికి దిగి వాగు ఒడ్డుకి పోతుంది. అక్కడ వంతెన దాటి అవతలి కొండెక్కితే మొత్తం లోయ కనబడే చోటికి చేరతాం. అక్కడి నుంచి దిగి, ఇంకో వంతెన మీదుగా మొదలుపెట్టిన చోటికే వస్తాం. ఒక చుట్టు పూర్తవుతుంది. మేం పొద్దున బయల్దేరితే సాయంత్రమైంది. వానలు పడే రోజుల్లో మాత్రం ఆ అవతలి కొండ ఎక్కకండి. రాయి జారుతుంది.

జలపాతం కనబడే వైపు, వాగు ఒడ్డున బండల మీద కూర్చున్నాం. ఎండ మాడుతోంది. నా సీసాలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. వాగు నీళ్ళు తాగొద్దని ముందే అనుకున్నాం. ఎదురుగా అన్ని నీళ్ళు, నోట్లో తడి లేదు.

మాదిగవాడ అవ్వ ఒకామె నా పక్క బండ మీద ఉంది. అరవై దాటిన మనిషి. నాట్లేసి, కలుపు తీసి బతికిన ఒళ్ళు. నాకంటే ముందు నడిచింది, నాకంటే తక్కువ అలిసింది. పాత కూల్‌డ్రింక్ సీసాకి తడిగుడ్డ చుట్టి తెచ్చుకుంది. మూత తీసి నా ముందు పెట్టింది.

"తాగు సారూ. పెదవులు ఎండుకపోయినయ్. సల్లగున్నయ్ నీళ్ళు."

నేను "దాహం లేదవ్వా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆలోచించి అనలేదు. ఆలోచిస్తే అనేవాణ్ణి కాదు. నాలుక తనంతట తానే అనేసింది. చిన్నప్పుడు మా నాయనమ్మ నేర్పిన పాఠం అది. ఎవరింట్లో తాగాలి, ఎవరింట్లో తాగకూడదు. బడిలో చదివినవి ఎన్నో మరిచిపోయాను. ఆ పాఠం మాత్రం నాలుక మీద ఉంది.

అవ్వ ఏమీ అనలేదు. మూత బిగించి సీసా సంచిలో పెట్టుకుంది.

తడి బండల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ ముందుకి పోయాను. పది అడుగులు పోయానో లేదో, మా వాడ పిల్లగాడొకడు తన సీసా చాపాడు. గటగటా సగం తాగేశాను. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ చూస్తోంది.

బంధువులారా, మనం సతి అంటాం, ఎరుక అంటాం. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ఎరుకతో వేయాలంటాం. ఆ రోజు నేను కాలు ఎక్కడ పెడుతున్నానో బాగానే చూసుకున్నాను, నాచు పట్టిన ఒక్క బండ మీద కూడా జారలేదు. మనసు ఎక్కడ జారిందో చూసుకోలేదు. కాలు జారితే పక్కవాడు పట్టుకుంటాడు. మనసు జారితే నువ్వే పట్టుకోవాలి, లేదా జారినవాడివని ఎవరో ఒకరు మొహం మీద చెప్పాలి.

కొండ మీద

అవతలి కొండెక్కడానికి ముప్పావు గంట పట్టింది. పైకి చేరితే లోయ అంతా అరచేతిలో పెట్టినట్టు కనబడింది. ఒక పక్క జలపాతం, ఎదురుగా గుహల వరుస, కింద వాగు మెరుస్తోంది. 1819 ఏప్రిల్ 28న మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు అధికారి వేటకి వచ్చి, ఈ లోయలో చెట్ల వెనక పదో గుహ ముఖద్వారం చూశాడు. లోపలికి పోయి, స్తంభం మీదున్న బోధిసత్త్వుడి బొమ్మ మీద తన పేరు, తేదీ గీకి పోయాడు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. పొద్దున ఆ గుహలో మావాళ్ళు ఆయన్ని తిట్టారు. నేనూ తిట్టాను. కొండ మీద కూర్చున్నాక అనిపించింది, నేను చేసిందీ అదే కదా! చూసినవాడు మారకపోతే ఎంత గొప్ప చోటికి పోయినా అక్కడ తన పేరే రాసి వస్తాడు. నేనూ తథాగతుడి పాదాల దగ్గరి నుంచి లేచి వచ్చి, వాగు ఒడ్డున నా కులం పేరు రాసి వచ్చాను.

ఆ కొండ మీద నేను మాట్లాడాలని ముందే నిర్ణయించాం. ఏం మాట్లాడాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ సంగతి మీకూ తెలియాలి.

1934లో బాబాసాహెబ్ తన తోటి కార్యకర్తలతో కలిసి ఒక యాత్ర పెట్టుకున్నారు. ఏం చూడాలని? ఈ ఔరంగాబాద్ పక్కనే ఉన్న వేరూళ్, అంటే ఎల్లోరా బౌద్ధ గుహలు చూడాలని. అప్పుడిదంతా మన హైదరాబాద్ రాజ్యమే. 1956 నవంబర్ 1 దాకా ఔరంగాబాద్, వరంగల్, నల్లగొండ అన్నీ ఒకే రాష్ట్రంలో ఉండేవి. మనలాగే బస్సులో బయల్దేరారు వాళ్ళు. దారిలో దౌలతాబాద్ కోట చూద్దామని ఆగారు. దుమ్ము కొట్టుకుని ఉన్నారు. కోట గుమ్మం దగ్గర నిండుగా నీళ్ళున్న చిన్న తటాకం. అందులో ముఖాలు, కాళ్ళు కడుక్కున్నారు. అంతే. అంటరానివాళ్ళు నీళ్ళు మైలపరిచారని ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు. జనం పోగయ్యారు, కొట్టేంత పని చేశారు. ఆ వచ్చినవాళ్ళు ముస్లింలు. మీ మతం మీకిదే నేర్పిందా, ఇదే మనిషి మీ మతం పుచ్చుకుంటే నీళ్ళు ముట్టకుండా ఆపుతారా అని బాబాసాహెబ్ నిలదీశారు. వాళ్ళ దగ్గర జవాబు లేదు. చివరికి కోటలోకి పోనిచ్చారు, ఒక షరతు మీద. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదు. ముట్టకుండా చూడ్డానికి తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు. ఇది ఎవరో చెప్పిన కథ కాదు, ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

అప్పటికే ఆయన ప్రపంచమెరిగిన న్యాయవాది. లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చుని వచ్చిన మనిషి. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగి, వేలమంది చేత తాగించిన నాయకుడు. అయినా ఏడేళ్ళ తరువాత ఒక తటాకం దగ్గర ఆయనకి కాపలా పెట్టారు. ఆ మరుసటి ఏడాదే, 1935 అక్టోబర్ 13న, యేవలాలో ఆయన హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు.

ఇదంతా ఆవేశంగా చెప్పుకుంటూ వచ్చాను. సిపాయి దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. ఎదురుగా అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ సీసా. ఆలోచించండి, దౌలతాబాద్‌లో సిపాయి బయట నిలబడ్డాడు. నా సిపాయి నా నాలుక మీదే నిలబడ్డాడు. ఆ ముసలాయన అరిచి మరీ చెప్పాడు. నేను నవ్వుతూ చెప్పాను. తేడా అంతే.

ఇక దాచలేకపోయాను. అందరి ముందూ చెప్పేశాను. "ఇందాక అవ్వ నీళ్ళిస్తే దాహం లేదన్నాను. అది అబద్ధం. తప్పు చేశాను" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా వాడ వాళ్ళు నేల చూపులు చూశారు. అవ్వే అన్నది.

"చూసిన సారూ. ఆ పిలగాని సీసల నీళ్ళు తాగంగ గూడ చూసిన. మీ నాయినమ్మ గిట్లనే జేస్తుండె. మా అమ్మ కుట్టిన చెప్పులు తొడుక్కుంటుండె, మా కడవ నీళ్ళు ముట్టకపోతుండె. గానీ సారూ, నీకంటే ఆమెనే నయం. మీ నీళ్ళు మేం తాగమని మొఖం మీదనే అంటుండె. నువ్వు సదువుకున్నోనివి గదా, దాహం లేదంటివి."

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ అధికారీ నన్ను అంత కచ్చితంగా తనిఖీ చేయలేదు.

మర్యాద ముసుగు

ధమ్మ బంధువులారా, అవ్వ మాట మనందరికీ చెందుతుంది. వెనకటి తరం కులాన్ని బాహాటంగా పాటించింది. మనం దానికి మర్యాద ముసుగేశాం. ఒక్కసారి మన నోటి నుంచి వచ్చే మాటలు గుర్తు చేసుకోండి. "ఇప్పుడే తిని వచ్చాం." "షుగరుంది, టీ తాగను." "బస్సుకి టైమైంది, ఇంకోసారి కూర్చుంటాం." పెళ్ళి సంబంధం దగ్గరికి వస్తే, "అబ్బాయి మంచివాడే, జాతకాలు కుదరలేదు." బౌద్ధుడికి జాతకాలేమిటి? కులం దగ్గరికి వచ్చేసరికి వదిలేసిన పంచాంగం కూడా మళ్ళీ బయటికి తీస్తాం!

ఊరివాళ్ళు మనకి రెండు గ్లాసులు పెడితే కేసు పెడతాం. పెట్టాల్సిందే. మరి మన ఇంట్లో, మన మనసులో పెట్టిన రెండో గ్లాసు మీద కేసు ఎవరు పెట్టాలి? కులం నిచ్చెన లాంటిది. పై మెట్టు మీద వాడు తొక్కుతున్నాడని ఏడుస్తూనే, కింది మెట్టు మీద వాడి తల మీద మన కాలు పెడతాం. అందుకే ఆ నిచ్చెన పడిపోవడం లేదు. అడుగున ఉన్నవాళ్ళమే దాన్ని పట్టుకుని నిలబెడుతున్నాం.

వర్గీకరణ మీద మనలో ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంది. అది సభల్లో మాట్లాడుకుందాం, వాదించుకుందాం. అది హక్కుల వాటా లెక్క, లెక్కల్లో తేడాలుంటాయి. నీళ్ళ దగ్గర మాత్రం రెండు అభిప్రాయాలు ఉండడానికి వీల్లేదు. మనుషులందరూ సమానమని తొమ్మిదో ప్రతిజ్ఞ చేశాం. ఆ సమానత్వాన్ని నిలబెట్టడానికి పాటుపడతామని పదో ప్రతిజ్ఞ చేశాం. తొమ్మిది నమ్మకం, పది పని. మనం తొమ్మిది దగ్గరే ఆగిపోయాం.

ఆనందుడు ఏం చేశాడు?

శ్రావస్తి నగరంలో ఆనందుడు భిక్షకి పోయి తిరిగి వస్తున్నాడు. దాహమేసింది. నీళ్ళ దగ్గర ఒక అమ్మాయి కనబడింది. పేరు ప్రకృతి. మాతంగ కులం పిల్ల. మాతంగి అన్న పేరు మన మాదిగవాడల్లో ఇప్పటికీ వినబడుతుంది కదా! ఆనందుడు నీళ్ళడిగాడు. నేను అంటరాని కులందాన్ని, నా చేతి నీళ్ళు నీకెట్లా ఇవ్వను అన్నది ఆ పిల్ల. నేను అడిగింది నీళ్ళు, నీ కులం కాదు అన్నాడు ఆనందుడు. నీళ్ళు పోసింది, తాగాడు. ఆ తరువాత ఆ పిల్లే భిక్షుణి అయింది.

ఈ కథ మనకి తెలిసిందే. నేనూ పిల్లలకి చాలాసార్లు చెప్పాను. కానీ ఒక సంగతి ఆ రోజు కొండ దిగుతూ తట్టింది. ఆనందుడు నీళ్ళు ఇవ్వలేదు, అడిగాడు. మనం సమానత్వం అంటే ఇవ్వడమనుకుంటాం. వాళ్ళని మన విహారంలోకి రానిచ్చాం, మన పంక్తిలో కూర్చోబెట్టాం, వాళ్ళ పిల్లలకి పుస్తకాలిచ్చాం అని లెక్క చెప్తాం. ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. చెయ్యి చాపి అడిగినప్పుడే అది కిందికి దిగుతుంది. ఆనందుడు రాజవంశంలో పుట్టిన శాక్యుడు. ఆ పిల్ల ముందు దోసిలి పట్టాడు. ధమ్మం ఆ దోసిట్లో ఉంది.

ఇంకొకటి కూడా గుర్తు చేసుకోండి. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి విడిచాడని మనకి చిన్నప్పటి నుంచీ చెప్పారు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు–ఆయన ధమ్మం' గ్రంథంలో ఆ కథని ఒప్పుకోలేదు. శాక్యులకీ కోలియులకీ రోహిణి నది నీళ్ళ దగ్గర తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధానికి సిద్ధమైంది. సిద్ధార్థుడు వద్దన్నాడు, తన సంఘానికి ఎదురు నిలిచాడు, దాని ఫలితంగా ఇల్లు విడిచాడు. అంటే మన ధమ్మం మొదలైన చోటే నీళ్ళ తగాదా ఉంది. అవతలివాళ్ళు కూడా తనవాళ్ళే అని చెప్పినందుకు ఒక మనిషి అన్నీ వదులుకోవాల్సి వచ్చింది. నేను ఆ రోజు వదులుకోవాల్సింది ఏముంది? మా నాయనమ్మ నేర్పిన ఒక్క పాఠం!

చుట్టు పూర్తయింది

కొండ దిగి, ఎనిమిదో గుహ కింది వంతెన దాటి, పొద్దున మొదలుపెట్టిన చోటికే వచ్చాం. అవ్వ సీసా అప్పటికే ఖాళీ. కుళాయి దగ్గర నింపుకుంది, తాగింది. నా వైపు చాపలేదు. ఒకసారి చాపి చూసింది కదా, మళ్ళీ ఎందుకు చాపుతుంది?

నేనే పోయాను. "అవ్వా, కాసిని నీళ్ళియ్యి" అన్నాను. సిగ్గేసింది. మా వాడ వాళ్ళు చూస్తున్నారన్నది ఒక సిగ్గు. ఇంత వయసొచ్చాక ఇది నేర్చుకుంటున్నానన్నది ఇంకో సిగ్గు. మొదటి సిగ్గు పోవాలి. రెండోది ఉండాలి.

అవ్వ సీసా ఇచ్చింది. తాగాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఇక్కడితో నేను బాగుపడ్డానని చెప్పుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. అసలు మాట ఆ తరువాత అవ్వ అన్నది. సీసా తిరిగి తీసుకుంటూ కాసేపు ఊరుకుంది. తరువాత మెల్లగా అన్నది:

"సారూ, మా వాడ అవతల డక్కలోళ్ళ గుడిసెలున్నయ్. ఆళ్ళ నీళ్ళు మేం ముట్టం. నేను గూడ పోయి అడగాలె. అడగకపోతే నేను జేసిన ప్రమాణం ఉత్తదే గదా."

నా తప్పు చూసి ఆమె తన తప్పు వెతుక్కుంది. నేను నిన్నటి దాకా నా తప్పు కప్పుకోవడానికి ఊరి పెద్దకులాల తప్పులు లెక్కబెట్టేవాణ్ణి. ఆ రోజు ధమ్మం చెప్పింది నేను కాదు, ఆమె.

చైత్యంలో స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తాం. కోరిక తీరాలని కాదు, మొక్కు తీర్చుకోవడానికీ కాదు. తథాగతుణ్ణి తలుచుకుంటూ, మనల్ని మనం చూసుకుంటూ నడుస్తాం. గానుగెద్దు కూడా చుట్టూ తిరుగుతుంది. పొద్దంతా తిరిగి కట్టిన గుంజ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కాడి దిగలేదు. మనం కూడా ఏటా నాగపూర్ పోతాం, తిరిగి వస్తాం. అజంతా పోతాం, తిరిగి వస్తాం. తిరిగి వచ్చాక మన మెడ మీద కాడి దిగిందా లేదా? ఆ ఒక్క ప్రశ్న వేసుకోండి. దిగితే అది ప్రదక్షిణ. దిగకపోతే గానుగ.

ఏం చేద్దాం?

వింటే చాలదు, చేయాలి. మూడు పనులు పెట్టుకుందాం.

ఒకటి. ఇక నుంచి పున్నమి వందన ఒక నెల ఒక వాడలో, ఒక నెల ఇంకో వాడలో. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి కుండ నీళ్ళే, ఆ ఇంట్లో వండిన అన్నమే. బయటి నుంచి నీళ్ళ క్యాన్లు తెప్పించొద్దు. క్యాను నీళ్ళు శుభ్రమే కావచ్చు, కానీ దాని చాటున దాక్కోవద్దు.

రెండు. ప్రతి ఒక్కరూ ఈ నెలలో ఒక్కసారైనా, ఇప్పటి దాకా తాగని ఇంటికి పోయి నీళ్ళడగండి. వాళ్ళిచ్చే దాకా ఆగొద్దు, మీరే అడగండి. మాలవాడ మాదిగవాడని అడగాలి. ఇద్దరూ కలిసి డక్కలి వాళ్ళని అడగాలి. "మాకంటే కింద ఎవరూ లేరు" అని ఎవరూ తప్పించుకోవద్దు. వెతికితే కనబడతారు.

మూడు. "దాహం లేదు" లాంటి అబద్ధం నోట్లోకి వచ్చినప్పుడు అక్కడే ఆగండి. ఎందుకు అనబోతున్నానని అడుక్కోండి. నిజంగా షుగరుంటే చక్కెర లేకుండా తాగండి.

ఇదేం పెద్ద విప్లవమా అని కుర్రాళ్ళు అడుగుతారు. కాదు. కులం పోవాలంటే పెళ్ళిళ్ళు కలవాలని, కలిసి తిన్నంత మాత్రాన చాలదని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు. అది కొండ మీది చోటు. అక్కడికి చేరాలి. కానీ వాగు దగ్గర ఒక గుక్క నీళ్ళు తాగలేనివాడు ఆ కొండ ఏమెక్కుతాడు? రెండు వాడల మధ్య నీళ్ళు నడిస్తే, వాటి వెనకే మనుషులు నడుస్తారు. మీ పిల్లలు ఆ దారిలో నడిచి వచ్చి ఒక రోజు మీ ముందు నిలబడితే, అప్పుడు కూడా అబద్ధమాడకండి. జాతకాలు కుదరలేదనకండి.

వాఘోరా వాగు అంత గట్టి రాతిని ఒక్క వరదతో కోయలేదు. ఏటేటా వచ్చిన వాన కోసింది. మనం కూడా ఒక్క ప్రమాణంతో మారిపోం. రోజూ అడగాలి, రోజూ తాగాలి.

వచ్చే పున్నమి వందన మాదిగవాడలో అవ్వ ఇంట్లో. అందరూ రండి. దాహంతో రండి.

నమో బుద్ధాయ. జై భీమ్.